సూది దగ్గరికే డబ్బా రావాలి
మీరు అడిగారు – మేం చెబుతున్నాం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు విశాఖపట్నం నుంచే, అదీ ల్యాబుల్లో పనిచేసేవాళ్ల నుంచి. వాడేసిన సూదులు, లాన్సెట్లు (వేలు గుచ్చి రక్తం చుక్క తీసే చిన్న మొనలు), పగిలిన గాజు ఏం చేయాలి, గుచ్చుకుంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నదే దాదాపు అందరి ప్రశ్న. పేర్లు వేయవద్దని కోరినవాళ్లు ఎక్కువమంది కాబట్టి అందరి పేర్లూ తీసేశాం, పేటల పేర్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: డాక్టరు గారూ, నేను ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్‌ని. పొద్దున్న ఫాస్టింగ్ శాంపిల్స్ టైములో ఊపిరాడదు. సూదులు వేసే డబ్బా ఒక్కటే ఉంది, అదీ గది మూల వాష్‌బేసిన్ కింద. తెరిచిన సూది పట్టుకుని అంతదూరం వెళ్లడం భయమని అందరం క్యాప్ పెట్టేస్తాం. మొన్న మా తోటి అమ్మాయికి అలా క్యాప్ పెడుతుంటేనే గుచ్చుకుంది. క్యాప్ పెట్టకూడదని ట్రైనింగులో చెప్పారు గానీ పెట్టకుండా అక్కడిదాకా ఎలా వెళ్లాలో చెప్పలేదు. – మహారాణిపేట

జవాబు: తప్పు మీ చేతుల్లో లేదమ్మా, డబ్బా పెట్టిన చోట ఉంది. శిక్షణ ఇవ్వడానికి ఏ ల్యాబుకి వెళ్లినా నేను ముందు చూసేది రక్తం తీసే కుర్చీకీ సూదుల డబ్బాకీ మధ్య ఎంత దూరం ఉందన్నదే. గోడ మీద చార్టు ఎంత బాగున్నా ఆ దూరం ఎక్కువైతే అక్కడ రోజూ క్యాప్‌లు పెడుతున్నారని చెప్పేయొచ్చు. మీ కుర్చీ దగ్గర జరిగేదే చూడండి. సూది బయటికి వచ్చింది, ఎడమచేతి వేళ్లు దూది అదిమి ఉన్నాయి, కుడిచేతిలో తెరిచిన సూది, పక్కన పేషెంటు తాలూకు మనిషి ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు, గడ్డకట్టక ముందే తిప్పాల్సిన ట్యూబు ట్రేలో ఉంది, తర్వాతి పేషెంటు అప్పుడే చొక్కా చెయ్యి మడుస్తున్నాడు. ఇలాంటప్పుడు ఎవరి చెయ్యయినా క్యాప్ కోసమే వెళ్తుంది. ఆ క్యాప్ మూతి చిటికెన వేలంత కూడా ఉండదు, దాన్ని పట్టుకున్న ఎడమచేతి వేళ్లు ఆ మూతికి ఆనుకునే ఉంటాయి. గురి ఒక్క పిసరు తప్పితే సూది దిగేది ఆ వేళ్లలోకే.

అందుకని డబ్బాని సూది దగ్గరికి తేవాలి. ప్రతి కుర్చీకీ ఒక చిన్న డబ్బా, రక్తం తీసేవాళ్ల కుడిచేతి వైపు (ఎడమచేతి వాటం వాళ్లయితే ఎడమవైపు), కూర్చున్నచోటి నుంచి చెయ్యి చాపితే అందేలా, నడుముకీ ఛాతీకీ మధ్య ఎత్తులో ఉండాలి. దాని మూతి మీ కళ్లకి కనపడాలి, లోపల ఏముందో చూడకుండా చెయ్యి పెట్టే పరిస్థితి రాకూడదు. నేల మీద వద్దు, పేషెంటుతో వచ్చిన పిల్లల చెయ్యి అందేచోట అసలే వద్దు. టోర్నికే (చేతికి బిగించే పట్టీ) కట్టకముందే డబ్బా తన చోట ఉందా, ఇంకా ఖాళీ ఉందా చూసుకోండి. సూది బయటికి వచ్చాక అది తిన్నగా డబ్బాలోకే వెళ్లాలి, ట్రే మీద ఆగకూడదు, ఇంకొకరి చేతికి మారకూడదు. వంచడం, విరగ్గొట్టడం, వేళ్లతో ఊడబీకడం ఏదీ వద్దు.

డబ్బా ముప్పావు వంతు నిండితే చాలు, మూసేయాలి. ఇంకో నాలుగు పడతాయని పైనుంచి నొక్కడం, కిందకి సర్దుకుంటాయని ఊపడం చాలాచోట్ల చూస్తున్నాను. లోపల నిలువుగా నిలబడిన సూది ఒక్కటి ఉన్నా అది పైకే చూస్తుంటుంది. మూత వేశాక మళ్లీ తెరుచుకోని రకం డబ్బానే కొనమనండి. మన దేశంలో 2016 నుంచి అమల్లో ఉన్న బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు కోరేది కూడా ఇదే: సూది గుచ్చుకుని బయటికి రాని, కారని, ఒకసారి మూశాక తెరవలేని తెల్లని పారదర్శకమైన డబ్బా. మినరల్ వాటర్ బాటిలు, సెలైన్ బాటిలు, స్వీట్ల డబ్బా పనికిరావు.

ఎప్పుడైనా క్యాప్ పెట్టక తప్పని పరిస్థితి వస్తే క్యాప్‌ని బల్ల మీద పడుకోబెట్టి, ఎడమచేతిని పూర్తిగా వెనక్కి తీసేసి, ఒక్క కుడిచేత్తోనే సూదిని క్యాప్‌లోకి దూర్చి పైకి లేపండి. రోజువారీ పద్ధతిగా మాత్రం అలవాటు చేసుకోకండి.

మీ యజమాని డబ్బా ఖర్చు గురించి అంటే ఆ అమ్మాయికి గుచ్చుకున్నాక ఏమేం జరిగాయో రాసి చూపించండి: పరీక్షలు, మళ్లీ పరీక్షలు, మందులు, సెలవులు, ఆ అమ్మాయి ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని టెన్షన్. వాటి పక్కన చిన్న డబ్బాల ధర లెక్కలోకి వచ్చేది కాదు.

ప్రశ్న: నేనే ల్యాబు యజమానిని. డబ్బాలు పెట్టను అనడం లేదు, పెట్టినవి పెట్టినట్టే నిండిపోతున్నాయి. వ్యర్థాలు తీసుకెళ్లే ఏజెన్సీకి కట్టేది వేరే. ఏది ఎన్ని గంటలు ఉంచుకోవచ్చో కూడా ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. మేమే ఒక చిన్న మెషీన్ కొనుక్కుని ఇక్కడే నాశనం చేసుకుంటే కుదరదా? – గాజువాక

జవాబు: చివరిదానికి ముందు చెబుతాను. కుదరదు. 75 కిలోమీటర్ల లోపు ఉమ్మడి శుద్ధి కేంద్రం సేవలు అందుతున్నప్పుడు ఏ ఆస్పత్రీ ఏ ల్యాబూ సొంతంగా శుద్ధి, పారవేత ఏర్పాటు పెట్టుకోకూడదని 2016 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. పెరట్లో గొయ్యి తవ్వి పూడ్చడం, డ్రమ్ములో వేసి కాల్చడం అయితే నిబంధనల ఉల్లంఘన కిందికే వస్తాయి.

ఇక డబ్బా ఎందుకు తొందరగా నిండుతోందో ఒక పని చేస్తే మీకే తెలుస్తుంది. సాయంత్రం ఆ పారదర్శకమైన డబ్బాని తెరవకుండా, ఎత్తి వెలుతురుకి పట్టి పక్కనుంచి చూడండి. నాకు తెలిసి అందులో సూదులకంటే దూది, సూది క్యాప్‌లు, సిరంజి కవర్లు, ప్లాస్టర్ ముక్కలు, మొత్తం సిరంజిలు ఎక్కువ కనపడతాయి. చేతికి దగ్గరగా ఉన్న డబ్బా ఒక్కటే అయితే అన్నీ అందులోకే వెళ్తాయి మరి. ఆ తెల్ల డబ్బా పక్కనే చిన్న పసుపు బుట్ట, ఎర్ర బుట్ట, మామూలు చెత్త బుట్ట కూడా పెట్టించండి. రక్తం అంటిన దూది పసుపులోకి. సూది తీసేసిన సిరంజి, గ్లవ్స్, ప్లాస్టిక్ ట్యూబులు ఎరుపులోకి. సిరంజి మీది కాగితం కవరు, రక్తం తగలని క్యాప్ మామూలు పొడి చెత్తలోకి. తెల్ల డబ్బాలోకి సూదులు, లాన్సెట్లు, బ్లేడ్లు మాత్రమే. ఇది పాటించిన ల్యాబుల్లో డబ్బాలు ఎంత నెమ్మదిగా నిండుతాయో చూసి యజమానులే ఆశ్చర్యపోతుంటారు.

గంటల సంగతి. 48 గంటలు దాటి ఉంచకూడదన్న నియమం రక్తం, స్రావాలు అంటిన దూది, బట్టలాంటి వాటికీ, శరీర భాగాలకీ, బయోటెక్నాలజీ వ్యర్థాలకీ పెట్టింది. అవి కుళ్లుతాయి, వాసన వస్తాయి. సూదుల డబ్బా కుళ్లేది కాదు కాబట్టి దానికి కొలత ముప్పావు వంతే. చాలా ల్యాబుల్లో బండి వచ్చిన ప్రతిసారీ అడుగున పది సూదులున్న డబ్బాని కూడా ఇచ్చి పంపేస్తున్నారు, ఖర్చు అక్కడ పెరుగుతోంది. నిండాల్సినంత నిండాక మూసి, బార్‌కోడ్ అంటించి, ఆ రోజు తేదీ వేసి, తాళం వేసిన చోట ఉంచి బండికి ఇవ్వండి. అలాగని నిండలేదు కదా అని నెలల తరబడి ఒకే డబ్బాని కుర్చీ పక్కన ఉంచేయకండి. మీకు రద్దీ తక్కువైతే ఇంకా చిన్న సైజు డబ్బా కొనుక్కోవడం మేలు.

ఏటా జూన్ 30 లోపు కాలుష్య నియంత్రణ మండలికి వార్షిక నివేదిక పంపుతున్నారా? ఏ రంగు వ్యర్థం ఎన్ని కిలోలు వెళ్లిందో అందులో రాయాలి. రోజూ తూకం వేసి పుస్తకంలో రాసుకునే ల్యాబులకి డబ్బు ఎక్కడ పోతుందో ఆ పుస్తకమే చూపిస్తుంది.

ప్రశ్న: హబ్ కట్టర్ మంచిదా, కరెంటుతో సూదిని కాల్చే బర్నర్ మంచిదా? మా దగ్గర రెండూ ఉన్నాయి. – డాబా గార్డెన్స్

జవాబు: నిబంధనలు రెండింటినీ ఒప్పుకుంటాయి. నన్నడిగితే చేతితో నొక్కే హబ్ కట్టర్‌కే నా ఓటు. అది సూదిని హబ్‌తో (సూది సిరంజికి అతుక్కునే మొదలుతో) సహా కత్తిరించి కింది డబ్బాలో పడేస్తుంది, సిరంజి కూడా మళ్లీ వాడటానికి పనికిరాకుండా పోతుంది. బర్నర్‌లో సూది ఎర్రగా కాలి కరుగుతుంది గానీ హబ్ దగ్గర చిన్న మొన మిగిలిపోవడం చూస్తుంటాం. అది కంటికి ఆనదు, ఎర్ర బ్యాగులోకి వెళ్లి దాన్ని ఎత్తేవాళ్లకి గుచ్చుకుంటుంది. పొగ వస్తుంది, కరెంటు పోతే ఆగిపోతుంది, స్పిరిట్ దగ్గర నిప్పురవ్వల భయం ఒకటి.

కట్టర్‌తో ఒక జాగ్రత్త ఉంది. మన సముద్రపు గాలికి దాని బ్లేడు తొందరగా తుప్పు పడుతుంది. మొద్దుబారిన బ్లేడు సూదిని కోయదు, నలిపేస్తుంది, అప్పుడు లోపలి రక్తం చిందుతుంది. ఒక్క నొక్కుతో తెగకపోతే ఆ కట్టర్‌ని ఆరోజే పక్కన పెట్టేయండి. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా దాని దగ్గరికి వెళ్లకండి. కింద డబ్బా నిండితే లోపలి సూదుల్ని ఇంకోదాంట్లోకి ఒంపడం చేయకండి, ఆ డబ్బానే మూసి పంపే రకం కట్టర్లు దొరుకుతున్నాయి.

ప్రశ్న: వాక్యుటైనర్ (సిరంజి లేకుండా తిన్నగా ట్యూబులోకి రక్తం లాగే పద్ధతి) సూది హబ్ కట్టర్‌లో పట్టదు. సూదిని పట్టి ఉంచే హోల్డర్ నుంచి వేళ్లతో తిప్పి తీస్తున్నాం, హోల్డర్ మళ్లీ వాడుతున్నాం. ఇది సరైనదేనా? – సీతమ్మధార

జవాబు: కాదు. ఈ ప్రశ్న వేసినందుకు మీకు కృతజ్ఞతలు, ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్లలో చాలామందికి వాక్యుటైనర్ సూదికి రెండు మొనలుంటాయన్న సంగతే ఎవరూ విడమరిచి చెప్పరు. ముందు మొన రక్తనాళంలోకి వెళ్లేది. వెనక మొన హోల్డర్ లోపల, సన్నని రబ్బరు తొడుగు కింద ఉంటుంది, ట్యూబు నెట్టినప్పుడల్లా ఆ రబ్బరుని చీల్చుకుని మూతలోకి దిగుతుంది. సూదిని హోల్డర్ నుంచి తిప్పి తీశారంటే ఆ వెనక మొన బయటపడుతుంది, దాన్ని కాపాడేది అప్పటికే చిల్లులు పడిన ఆ రబ్బరు ముక్క ఒక్కటే. మీ కళ్లు ముందు మొన మీద ఉంటాయి, గుచ్చుకునేది వెనకది.

అన్నిటికన్నా భద్రమైన పద్ధతి సూదిని తీయకుండా హోల్డర్‌తో సహా తెల్ల డబ్బాలో వేసేయడం. అమెరికాలో కార్మిక భద్రతా శాఖ దీన్నే తప్పనిసరి చేసింది, హోల్డర్ ఒక్క పేషెంటుకే. డబ్బా తొందరగా నిండుతుంది, నిజమే, కానీ హోల్డర్ లోపలి గోడకి ముందు పేషెంటు రక్తం అంటి ఉండటం కూడా అంతే నిజం. అది వీల్లేదంటే మూతలో గాడి ఉన్న డబ్బాలు దొరుకుతాయి, సూదిని ఆ గాడిలో నిలబెట్టి హోల్డర్‌ని ఒక్క చేత్తో తిప్పితే సూది లోపల పడుతుంది. రెండో చెయ్యి డబ్బాని పట్టుకోవడానికి కూడా వాడకుండా డబ్బా బల్లకో గోడకో బిగించి ఉండాలి. పని అయిపోగానే తొడుగు దానంతట అదే మూసుకునే సూదులు కొనగలిగిన ల్యాబులు అవే కొనాలి, ముఖ్యంగా పిల్లల దగ్గర, కదిలిపోయే పేషెంట్ల దగ్గర వాడటానికి.

ప్రశ్న: నేను డీఎంఎల్‌టీ (ల్యాబు టెక్నీషియన్ డిప్లొమా) విద్యార్థిని. క్లినికల్ పోస్టింగ్‌లో స్లైడ్లు, కవర్‌స్లిప్‌లు (స్లైడ్ మీద కప్పే పల్చని గాజు బిళ్లలు), రక్తపరీక్షకి వాడే ఈఎస్‌ఆర్ ట్యూబులు, పగిలిన గాజు అన్నీ ఒకే హైపో (క్రిములు చంపే బ్లీచ్ ద్రావణం) బకెట్‌లో వేస్తున్నారు. సాయంత్రం ఆయమ్మ గ్లవ్స్ వేసుకుని చేత్తో తీస్తోంది. ఒక పుస్తకంలో గాజుకి అట్టపెట్టె అని ఉంది. ఏది కరెక్ట్? – మధురవాడ

జవాబు: అట్టపెట్టె పాత మాట. 2016లో నీలం గుర్తున్న అట్టపెట్టె అనే రాశారు, 2018లో చేసిన సవరణతో అది పోయి, గుచ్చుకున్నా చిల్లుపడని, కారని నీలం గుర్తు డబ్బా వచ్చింది. చాలా ల్యాబుల గోడల మీద చార్టులు ఇంకా మారలేదు. పగిలిన గాజు, స్లైడ్లు నీలంలోకి. లాన్సెట్లు, మైక్రోటోమ్ (కణజాలాన్ని పల్చగా కోసే యంత్రం) బ్లేడ్లు లోహం కాబట్టి తెలుపులోకి. కల్చర్ ప్లేట్లు (క్రిముల్ని పెంచి చూసే గిన్నెలు), కఫం డబ్బాలు వేరే సంగతి, వాటిని ల్యాబులోనే ముందు ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడితో వేడి ఆవిరి పట్టించి) పసుపులోకి పంపాలి.

మీరు రాసిన ఆయమ్మ చెయ్యి నన్ను ఎక్కువగా బాధపెట్టింది. లేటెక్స్ గ్లవ్ గాజుముక్కని ఆపలేదు. హైపో కలిపిన మబ్బు నీళ్లలో కవర్‌స్లిప్ అసలు కనపడదు. రేపు మీరు వెళ్లగానే మీ సీనియర్‌ని అడగండి, బకెట్ లోపల పట్టేలా చిల్లుల ప్లాస్టిక్ బుట్ట ఒకటి కొనండి, కూరగాయలు కడిగే బుట్ట అయినా సరిపోతుంది. గాజు అంతా ఆ బుట్టలో పడుతుంది, సాయంత్రం పిడి పట్టుకుని బుట్ట ఎత్తితే నీళ్లు కిందికి కారిపోతాయి, బుట్టని నీలం డబ్బాలోకి ఒంపేయొచ్చు, మిగిలినవాటిని పొడవాటి ఫోర్సెప్స్‌తో (పట్టకారుతో) తీయొచ్చు. చెయ్యి నీళ్లలో మునగాల్సిన పనే ఉండదు.

హైపో గురించి కూడా. 2018 సవరణ ప్రకారం 1 నుంచి 2 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో కనీసం 20 నిమిషాలు నాననివ్వాలి. మీ క్యాను మీద 5 శాతం అని ఉంటే ఒక మగ్గు హైపోకి నాలుగు మగ్గుల నీళ్లు కలిపితే 1 శాతం అవుతుంది, 10 శాతం అని ఉంటే తొమ్మిది మగ్గులు. పొద్దున్న కలిపింది సాయంత్రానికి పారబోయాలి. ఎండకీ వేడికీ దాని బలం పోతుంది, విశాఖ వేసవిలో కిటికీ పక్కన పెట్టిన క్యాను మరీ తొందరగా నీరసిస్తుంది. సూదుల డబ్బాలో హైపో పోయకండి, లోహాన్ని తినేస్తుంది, డబ్బా ఎత్తినప్పుడు కారుతుంది. హైపో తగిలినవాటిని ఆటోక్లేవ్‌లో పెట్టకండి, క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం.

ప్రశ్న: మా అమ్మ కాంట్రాక్టు మీద ఒక ల్యాబులో ఊడుస్తుంది, బాత్రూములు కడుగుతుంది. రెండు నెలల కిందట నల్ల చెత్త కవరు మూతి ముడి వేస్తుంటే లోపలున్న సూది అరచేతిలో దిగింది. సూపర్‌వైజర్‌కి చెబితే స్పిరిట్ పోసి ఇంజెక్షన్ ఒకటి చేయించి పంపేశారు. పరీక్షలేవీ చేయలేదు. అమ్మ పని పోతుందని గట్టిగా అడగదు. నేను డిగ్రీ చదువుతున్నాను, మేం ఇప్పుడు ఏం చేయాలి? – కంచరపాలెం

జవాబు: అమ్మా, ముందు ఈ వారంలోనే మీ అమ్మగారిని కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆస్పత్రికి) తీసుకెళ్లండి. అక్కడ హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ ఉచితం, వివరాలు బయటికి చెప్పరు. హెపటైటిస్-బి, హెపటైటిస్-సి పరీక్షలు కూడా అడిగి చేయించండి. గుచ్చుకున్న రోజు నుంచి మూడు నెలలు నిండాక ఒకసారి, ఆరు నెలలు నిండాక ఇంకోసారి మళ్లీ చేయించాలి. ధైర్యం చెప్పడానికి ఒక మాట: హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల రక్తం ఉన్న సూది గుచ్చుకున్నా సోకేది సుమారు వెయ్యిమందిలో ముగ్గురికి. ఎక్కువ భయపడాల్సింది హెపటైటిస్-బి గురించి, టీకా లేనివాళ్లకి అది నూటికి 6 నుంచి 30 మందికి సోకవచ్చు, ఆ వైరస్ ఎండిపోయిన రక్తంలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. దానికి మంచి టీకా ఉంది. మొదటి డోసు, నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. పరీక్షలో లేదని తేలితే మీ అమ్మగారికి వెంటనే మొదలుపెట్టించండి. హెపటైటిస్-సికి టీకా లేదు, కానీ ఇప్పుడు మాత్రలతో నయమవుతుంది, తొందరగా తెలిస్తే చాలు.

ఇది చదువుతున్న మిగతావాళ్ల కోసం, గుచ్చుకున్న క్షణం నుంచి ఏం చేయాలో చెబుతాను. కుళాయి కింద సబ్బుతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకుని చీకకూడదు, స్పిరిట్, బ్లీచింగ్ పోయకూడదు. ఆ వెంటనే ఏఆర్‌టీ సెంటర్ (హెచ్‌ఐవీ మందులు ఇచ్చే కేంద్రం) ఉన్న ఆస్పత్రికి, విశాఖలో అయితే కేజీహెచ్‌కి వెళ్లాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లోపు మొదలైతే అన్నిటికన్నా మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు, మొదలుపెట్టాక 28 రోజులు మానకుండా వాడాలి. హెపటైటిస్-బి టీకా వేయించుకోనివాళ్లకి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా అవసరం కావొచ్చు, అది 24 గంటల్లోపు పడితే మేలు. రాత్రిపూట ఎవరిని అడగాలో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, ఉచితం. షిఫ్ట్ అయ్యాక వెళ్దాంలే అని ఆగకండి.

మీ అమ్మగారి హక్కు సంగతి. వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించడం, పనిలో చేరినప్పుడూ ఆ తర్వాత ఏటా ఒకసారీ వైద్య పరీక్ష, శిక్షణ ఇప్పించడం, మందపాటి గ్లవ్స్, బూట్లు ఇవ్వడం ల్యాబు నడిపేవాళ్ల బాధ్యత. కాంట్రాక్టరు మనిషి, మా మనిషి కాదు అంటే చెల్లదు. జరిగిన ప్రమాదాన్ని కూడా వాళ్లు రాసి పెట్టాలి. మీరు ఒక తెల్లకాగితం మీద తేదీ, చోటు, ఎలా గుచ్చుకుందో రాసి, ఒక కాపీ ల్యాబులో ఇచ్చి ఇంకో కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి. సంతకం పెట్టకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి విశాఖ ప్రాంతీయ కార్యాలయానికి రాయండి. మామూలు చెత్త కవరులో సూది దొరకడమే వాళ్ల దృష్టిలో ఉల్లంఘన, మీ అమ్మగారి పేరు రాయకుండా ఆ ఒక్క విషయం మీదే ఫిర్యాదు చేయొచ్చు.

ల్యాబుల వాళ్లు ఈ ఉత్తరం ఇంకోసారి చదవాలని నా కోరిక. ఆ నల్ల కవరు మీ అమ్మగారి చెయ్యి దాటి ఉంటే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) బండి ఎక్కేది, అక్కడ ఒకరు చేత్తో సర్దేవాళ్లు, ఆ తర్వాత కాపులుప్పాడ యార్డులో చెత్త ఏరుకునేవాళ్ల దగ్గర తేలేది. వాళ్లలో ఎవరికైనా గుచ్చుకుంటే అది ఏ ల్యాబుదో, ఏ పేషెంటుదో ఎప్పటికీ తెలియదు. తెల్ల డబ్బాలో పడి బార్‌కోడ్‌తో ఉమ్మడి కేంద్రానికి వెళ్లిన సూదికి దారి వేరు: అక్కడ ఆవిరితోనో పొడి వేడితోనో క్రిములు చంపి, ముక్కలు చేస్తారు, లోహాన్ని ఇనుప ఫౌండ్రీకి పంపడమో సిమెంటులో బిగించేయడమో చేస్తారు.

ప్రశ్న: ఇళ్లకి వెళ్లి శాంపిల్స్ తీస్తాను. బైకు మీద సూదులు ఎలా తేవాలి? కొందరు వాళ్ల ఇంటి చెత్తబుట్టలోనే వేసేయమంటారు. – ఎంవీపీ కాలనీ

జవాబు: ఇంటి బుట్టలో వేయకండి, ఎవరు చెప్పినా సరే. జేబులో పట్టే సైజు నుంచి అర లీటరు దాకా బిగుతు మూత ఉన్న సూదుల డబ్బాలు దొరుకుతున్నాయి, మీ ల్యాబునే ఇవ్వమనండి. మంచం మీద పేషెంటు దగ్గర కూర్చోగానే బ్యాగులోంచి ముందు ఆ డబ్బా తీసి, మూత తెరిచి, పక్కన గట్టి స్టూలు మీదో బల్ల మీదో నిలబెట్టండి. పరుపు మీద పెడితే ఒరిగిపోతుంది. పని అయ్యాక తాత్కాలిక మూత నొక్కి, శాంపిల్ ట్యూబులు లేని అరలో నిటారుగా ఉంచండి. వాడిన దూది, గ్లవ్స్‌కి వేరే జిప్ కవరు. హనుమంతవాక దగ్గర సడన్ బ్రేక్ పడినా బ్యాగులో డబ్బా దొర్లకూడదు, ఆ బిగింపు బయలుదేరే ముందే చూసుకోండి. ల్యాబుకి చేరగానే డబ్బా అప్పగించేయాలి, ఇంటికి తీసుకెళ్లొద్దు. మీకు హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ పడ్డాయా? పడి ఉంటే చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకి యాంటీబాడీ పరీక్ష చేయించుకోండి, మిల్లీలీటరుకి 10 మిల్లీ యూనిట్లు (mIU/mL) లేదా ఆ పైన ఉంటే రక్షణ వచ్చినట్టు.

ప్రశ్న: నాకు షుగరు. రోజూ ఇన్సులిన్ పెన్ను సూదులు, గ్లూకోమీటరు లాన్సెట్లు పోగవుతున్నాయి. మా వీధి చివరి ల్యాబులో ఇస్తే తీసుకోలేదు. – గోపాలపట్నం

జవాబు: ల్యాబు తీసుకోకపోవడంలో తప్పు లేదండి, బయటినుంచి వచ్చినవి తీసుకుంటే వాళ్ల లెక్కలు తేడా వస్తాయి. ఇంట్లో పోగయ్యే సూదుల్ని ఇంటి చెత్తలో ప్రమాదకరమైన రకంగా విడిగా ఇవ్వాలి. బట్టలు ఉతికే లిక్విడ్ వచ్చే మందపాటి ప్లాస్టిక్ సీసా, మర మూత ఉన్నది, ఒకటి ఖాళీ చేసి పెట్టుకోండి. ఇన్సులిన్ పెట్టుకునే చోటే, మనవల చెయ్యి అందని ఎత్తులో ఉంచండి. పెన్ను సూది తీసేటప్పుడు దాని పెద్ద బయటి టోపీ పెట్టి తిప్పండి, లోపలి సన్న టోపీని మళ్లీ పెట్టే ప్రయత్నం చేయకండి. ముప్పావు నిండాక మూత బిగించి, టేపు చుట్టి, మీద 'సూదులు, తెరవవద్దు' అని మార్కరుతో పెద్దగా రాయండి. తడి పొడి చెత్తలో కలపకుండా, జీవీఎంసీ బండి వచ్చినప్పుడు అందులో ఏముందో నోటితో చెప్పి విడిగా చేతికివ్వండి. బండి వాళ్లు తీసుకోకపోతే మీ వార్డు ఆఫీసులో శానిటేషన్ చూసేవారిని అడగండి, ఎక్కడ ఇవ్వాలో చెప్పాల్సింది వారే.